నాయనకి వెన్నులో సూదా, పూర్తి మత్తా? (తుంటి ఆపరేషన్, ఫ్లోరైడ్ నడుము)

పొదిలి_పిల్లోడు · సోమవారం రాత్రి 9:10

మా నాయనకి 71 ఏళ్లు. నిన్న తెల్లారుజామున దొడ్లో జారిపడి కుడి తుంటి దగ్గర ఎముక విరిగింది. ఒంగోలు తీసుకొచ్చి అడ్మిట్ చేశాం. బుధవారం పొద్దున ఆపరేషన్, తొడ ఎముక పైన బంతి మార్చాలంటున్నారు. సాయంత్రం ఒక డాక్టరు వచ్చి "వెన్నులో సూది వేసి నడుం కిందికి మత్తిస్తాం, మనిషి మెలకువగానే ఉంటాడు" అని చెప్పి సంతకం పెట్టమన్నాడు. రెండు నిమిషాలు కూడా నిలబడలేదు.

అప్పట్నుంచీ మాలో మాకు యుద్ధం. మేనత్త "వెన్నులో సూది వేయించుకున్నోళ్లు మళ్లీ బరువెత్తింది నేను చూళ్లేదు, పూర్తిగా పడుకోబెట్టమను" అంటుంది. బావ హైదరాబాదు నుంచి ఫోన్ చేసి "ముసలోళ్లకి పూర్తి మత్తిస్తే లేచాక మనుషుల్ని గుర్తుపట్టరు, ఒప్పుకోవద్దు" అంటాడు. అమ్మ ఇద్దరికీ తలూపుతుంది. సంతకం పెట్టాల్సింది మాత్రం నేను.

ఇంకో సంగతి. మాది మర్రిపూడి వైపు ఊరు. పుట్టినప్పట్నుంచీ ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే. నాయన నడుం వంగి బిగుసుకుపోయి పదేళ్లు దాటింది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిరగదు, మనిషంతా తిరగాలి. ఈ నడుంలోకి సూది ఎట్లా దిగుతుంది? ఈ మాట ఆ డాక్టరు అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పాలా?

మైపాడు_గాలి · సోమవారం రాత్రి 9:22

చెప్పాలా అని అడుగుతావేంది తమ్ముడూ! ముందు చెప్పాల్సిందే అది. పోయి నర్సునైనా లేపి చెప్పు.

కావలి_కోడలు · సోమవారం రాత్రి 9:48

నాకు రెండు కాన్పులూ సిజేరియనే, రెండిటికీ వెన్నులోనే సూది. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి మూడో రోజున తలనొప్పి మొదలైంది. అదేం తలనొప్పో చెప్పలేను. పడుకుంటే ఉండదు. లేచి కూర్చుంటే రెండు నిమిషాల్లో వెనక మెడ నుంచి నుదురు దాకా పట్టేస్తుంది, వెలుతురు చూడలేను. పిల్లకి పాలివ్వాలంటే కూర్చోవాలి కదా. ఏడుస్తూ ఇచ్చాను. మా అత్తగారు "ఫోన్ చూస్తే రాదా మరి" అన్నారు. కాఫీ తాగమన్నారు, నీళ్లు తాగమన్నారు, చెవుల్లో దూది పెట్టారు. అయిదో రోజు నెల్లూరు తీసుకెళ్తే అక్కడి మత్తు డాక్టరు నా చేతి నుంచే కొంచెం రక్తం తీసి వెన్నులో ఎక్కించారు. నమ్ముతారో లేదో, గంటలో లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాను.

భయపెట్టడానికి చెప్పట్లేదు. వస్తే ఏం చేయాలో ఉంది, ఓర్చుకోనక్కర్లేదు అని చెప్తున్నా.

పెన్న_ఒడ్డు · సోమవారం రాత్రి 10:05

> రెండు కాన్పులూ సిజేరియనే, రెండిటికీ వెన్నులోనే సూది

ఇప్పుడు నడుం నొప్పి ఉందా లేదా అక్కా? నిజం చెప్పండి. మా వీధిలో సిజేరియన్ అయిన ఆడోళ్లు అందరూ ఒకటే మాట, "ఆ సూది పడ్డ చోటే నొప్పి" అని. ఇంతమందీ అబద్ధం చెప్తారా?

కావలి_కోడలు · సోమవారం రాత్రి 10:11

ఉంది. కానీ మా ఆడబిడ్డకి మామూలు కాన్పు, సూదే పడలేదు. ఆమెకి నాకన్నా ఎక్కువుంది.

మత్తుసూది · సోమవారం రాత్రి 11:30

ఇప్పుడే థియేటర్ నుంచి వచ్చాను. మత్తు డాక్టరుని, నెల్లూరులో 17 ఏళ్లుగా ఈ పనే నాది. చూడని పేషెంటు గురించి ఇది చేయండి, అది వద్దు అని నేను చెప్పను. కొన్ని సంగతులు మాత్రం చెప్తాను.

నడుం నొప్పి సంగతి ముందు. కాన్పు టైంలో వెన్నులో మత్తు తీసుకున్నవాళ్లనీ, తీసుకోనివాళ్లనీ పక్కపక్కన పెట్టి నెలల తరబడి చూసిన పరిశోధనలు చాలానే ఉన్నాయి. దీర్ఘకాలం ఉండే నడుం నొప్పిలో తేడా కనబడలేదు. సూది గుచ్చిన చోట నాలుగు రోజులు కండ నొప్పి ఉంటుంది, అది నిజం. తర్వాత వచ్చేది గర్భంలో సాగిన కీళ్లది, పిల్లని చంకనేసుకున్న భంగిమది. కానీ ఒంటి మీద గుర్తున్న చోటు ఒకటే కాబట్టి నింద దాని మీదకే పోతుంది.

సూది వెన్నుపాముకి తగిలి కాళ్లు పడిపోతాయన్న భయం గురించి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం మొదట్లోనే, ఒకటో రెండో నడుంపూస దగ్గర ఆగిపోతుంది. మేం సూది వేసేది ఇంకా కిందికి, మూడు నాలుగు పూసల మధ్యనో, నాలుగు అయిదు మధ్యనో. రెండు పక్కలా తుంటి ఎముకల పై అంచులు తడిమి, వాటిని కలుపుతూ మనసులో ఒక గీత గీసుకుంటాం, అది దాదాపు నాలుగో పూస మీదుగా పోతుంది. అక్కడ లోపల ఉండేవి గుర్రం తోక వెంట్రుకల్లాంటి నరాల పోగులు, నీళ్లలో తేలుతుంటాయి. సూది వస్తే చాలావరకు పక్కకి జరుగుతాయి. ఎప్పుడైనా తగిలితే కాల్లోకి కరెంటు కొట్టినట్టుంటుంది. అప్పుడు నోరు తెరిచి చెప్పాలి. మనిషి మెలకువగా ఉండటం వల్ల లాభాల్లో అదొకటి.

ఇక లెక్కలు. బ్రిటన్‌లో మత్తు వైద్యుల రాయల్ కాలేజీ దేశమంతా కలిపి ఒక ఏడాదికి లెక్క తీసి 2009లో బయటపెట్టింది. వెన్నులో ఇచ్చిన మత్తులు 7,07,455. అనుమానమున్న ప్రతి కేసునీ మత్తు ఖాతాలోనే వేసుకుంటే శాశ్వత నష్టం లక్షకి 4.2. అందులో కాళ్లు పడిపోవడం, చనిపోవడం రెండూ కలిపి లక్షకి 1.8. అనుమానపు కేసులు తీసేస్తే ఆ రెండు లెక్కలూ లక్షకి 2, 0.7 అవుతాయి. అవి కూడా ఎక్కువగా పెద్ద ఆపరేషన్లకి సన్న గొట్టం పెట్టి రోజుల తరబడి మందు పంపే ఎపిడ్యూరల్ వాటిలో. ఒక్క సూదితో అయిపోయే స్పైనల్‌లో ఇంకా తక్కువ.

పొదిలి తమ్ముడి నాయన సంగతి వేరే. దాని మీద రేపు పొద్దున రాస్తాను, కళ్లు మూసుకుపోతున్నాయి. ఈలోపు ఒకటి చెప్పు. ఆయన రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడతాడా? గుండెకి స్టెంట్ లాంటిది వేశారా?

పెన్న_ఒడ్డు · సోమవారం రాత్రి 11:41

ఆ లెక్కలు లండన్‌వి డాక్టరు గారూ. మన దగ్గర ఎవరు లెక్కపెట్టారు?

మత్తుసూది · మంగళవారం ఉదయం 6:15

నిజమే. సూదీ మందూ అవే అయినా, ఎవరు వేశారు, శుభ్రంగా వేశారా, తర్వాత ఎవరైనా కాళ్లు కదులుతున్నాయా అని చూశారా అన్నది ఆసుపత్రిని బట్టి మారుతుంది. నేను ఇచ్చింది అంచనా, హామీ కాదు.

పొదిలి_పిల్లోడు · మంగళవారం ఉదయం 6:50

డాక్టరు గారూ, స్టెంట్ ఉంది. నాలుగేళ్ల కింద నెల్లూరులో వేయించాం. ఏదో గుండె మాత్ర రోజూ రాత్రి వేసుకుంటాడు. పేరు తెలీదు. పాత చీటీలో "క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్" అని ఉంది. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, బీపీ షుగర్ అడిగారు, చెప్పాం, అంతే.

మత్తుసూది · మంగళవారం ఉదయం 7:05

తమ్ముడూ, ఇది చదవగానే లేచి వార్డులో చెప్పు. మిగతాది తర్వాత చదువుకో.

ఒక్క ఆస్పిరిన్ అయితే వెన్నులో మత్తుకి అడ్డం కాదు. క్లోపిడోగ్రెల్ అయితే మామూలుగా 5 నుంచి 7 రోజులు ఆపాక గానీ సూది వేయం. ఎందుకంటే ఆ వెన్నుగూడు ఎముకల మధ్య ఇరుకు చోటు. అక్కడ రక్తం కారితే బయటికి పోయే దారి లేదు, గడ్డకట్టి నరాల్ని నొక్కుతుంది. గంటల్లో కనిపెట్టి తీయకపోతే కాళ్లు తిరిగి రావు. నేను చెప్పిన ఆ లక్షకి ఒకటీ రెండూ కేసుల్లో ఇలాంటివీ ఉన్నాయి.

అలాగని తుంటి విరిగిన ముసలాయన్ని మాత్ర దిగేదాకా వారం పడుకోబెట్టడమూ మంచిది కాదు. మంచం మీద రోజులు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు, పుండ్లు, కాళ్లలో గడ్డలు. అలాంటప్పుడు పూర్తి మత్తు వైపు మొగ్గుతాం. కానీ మీ నాయన మెడ తిరగదన్నావు. పూర్తి మత్తంటే గొంతులో గొట్టం వేయాలి, గొట్టం వేయాలంటే మెడ వెనక్కి వంగాలి, నోరు తెరుచుకోవాలి. అందుకే ఏ మాత్రో ఖాయంగా తెలియాలి. చీటీలో ఉన్నది కాదు, రోజూ మింగేది. ఇంట్లో ఉన్న అట్ట ఫోటో తెప్పించు.

స్టెంట్ ఉన్నవాళ్లు ఇది చదివి సొంతంగా మాత్ర ఆపకండి. అది ఇంకో ప్రమాదం.

చీమకుర్తి_రాయి · మంగళవారం ఉదయం 8:20

మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోవద్దు. నాది చెయ్యి కేసు. పోయినేడు క్వారీలో బండ జరిగి కుడి అరచెయ్యి నలిగింది. మెడ కింద, భుజం ఎముక పైన, టీవీ లాంటి మిషన్‌లో చూసుకుంటూ ఒక్క ఇంజక్షన్ వేశారు. ఇరవై నిమిషాలకి చెయ్యి నాది కాదు. పక్కన ఎవరిదో చెయ్యి పడుకోబెట్టినట్టుంది. రెండు గంటలు కుట్టారు, నేను కాంపౌండరుతో మాట్లాడుతూనే ఉన్నా.

కానీ రెండు సంగతులు ఎవరూ చెప్పలేదు. ఒకటి, రాత్రి నిద్రలో ఆ చెయ్యి తిరగబడి నా మొహం మీదే పడింది, కట్టుతో సహా. పెదవి పగిలింది. రెండు, అర్ధరాత్రి 2 గంటలకి మత్తు ఒక్కసారిగా దిగిపోయింది. సాయంత్రం "నొప్పి లేదు కదా" అని మాత్ర వేసుకోలేదు నేను. తెల్లారేదాకా వార్డంతా నా అరుపులే.

మత్తుసూది · మంగళవారం ఉదయం 9:10

చీమకుర్తి అన్నా, ఆ రెండూ ప్రతి పేషెంటుకీ చెప్పాల్సినవే. చెప్పకపోవడం మా తప్పు. చెయ్యి మొద్దుబారి ఉన్నంతసేపూ గుడ్డ ఉయ్యాలలో వేలాడదీసి ఉంచాలి, వేడి గ్లాసు దగ్గరికి పోనీయకూడదు. నొప్పి మాత్ర మత్తు దిగకముందే వేసుకోవాలి.

మీరు చెప్పిన మిషన్ అల్ట్రాసౌండ్. అది రాకముందు గుర్తుల్ని బట్టి, కరెంటు తగిలినట్టు ఉందా అని అడిగి వేసేవాళ్లం. ఇప్పుడు నరం, దాని పక్క రక్తనాళం, కింద ఊపిరితిత్తి పొర, మూడూ తెర మీద కనబడతాయి. మందు రక్తంలోకి పోవడం బాగా తగ్గింది. నరానికి మిగిలిపోయే తిమ్మిరి మాత్రం మిషన్ వల్ల తగ్గిందని తేల్చి చెప్పలేం. మిషన్ ఉంది కదా అని గొప్పలు పోకూడదు.

సిస్టర్_అమ్మ · మంగళవారం ఉదయం 10:02

నేను థియేటర్ నర్సుని, ఊరు చెప్పను. మందు రక్తంలోకి పోతే ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. పేషెంటు ముందు "నోరు చుట్టూ చీమలు పాకుతున్నాయి, నాలిక మీద ఇనప రుచి" అన్నాడు. చెవుల్లో హోరు అన్నాడు. అంతలో ఫిట్స్. దానికి విరుగుడు తెల్లగా పాలలాగా ఉండే కొవ్వు మందు, 20 శాతంది. అలమరలోనే ఉంది కాబట్టి బతికాడు. అప్పట్నుంచి నెల మొదట్లో దాని ఎక్స్‌పైరీ నేనే చూస్తాను, ఎవరికీ అప్పజెప్పను.

ఇంకోటి. తుంటి ఆపరేషన్లలో రక్తం ఎక్కువ పోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తారు. సెలైన్ ఎక్కించినట్టు రక్తనాళంలోకి ఇచ్చే మందు అది. కొన్ని కంపెనీలవి ఆ యాంప్యూల్ (చిన్న గాజు మందు సీసా), వెన్నులో వేసే మత్తుమందు బుపివకెయిన్ యాంప్యూల్ ఒకేలా ఉంటాయి. పొరపాటున బుపివకెయిన్ బదులు అది వెన్నులోకి పోతే ప్రాణం పోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. మా దగ్గర ఆ రెండూ ఒకే సొరుగులో ఉండేవి. పైకి చదివి వినిపించాక గానీ విరగ్గొట్టనివ్వను ఇప్పుడు. కొత్త డాక్టర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

వెన్నులో మత్తు తీసుకున్నవాళ్లకి 24 గంటలు తలగడ ఇవ్వకుండా పడుకోబెడతాం, తలనొప్పి రాకుండా. అది కూడా గుర్తు పెట్టుకోండి.

మత్తుసూది · మంగళవారం ఉదయం 10:30

సిస్టర్ గారూ, మొదటి రెండు మాటలకీ దండం. మూడోది మాత్రం ఒప్పుకోను. తలగడ తీసేసి పడుకోబెడితే తలనొప్పి ఆగదు. ఈ విషయం పరీక్షించి చూసి చాలా కాలమైంది. తలనొప్పి ఎందుకొస్తుందంటే, సూది చేసిన చిల్లులోంచి వెన్నునీరు ఊరి బయటికి పోయి లోపల ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి. దాన్ని తగ్గించేది సూది సన్నదనం, దాని మొన. పెన్సిల్ మొనలాంటి సూది పోగుల్ని కోయకుండా పక్కకి జరిపి దూరుతుంది, చిల్లు త్వరగా మూసుకుంటుంది. కోసే మొన సూది కన్నా దానికి ధర ఎక్కువ. చాలాచోట్ల అందుకే కొనరు. వయసు పిల్లలకి, ముఖ్యంగా బాలింతలకి, ఈ తలనొప్పి ఎక్కువ. 70 దాటినవాళ్లలో అరుదు.

సిస్టర్_అమ్మ · మంగళవారం ఉదయం 10:36

ముప్ఫై ఏళ్లుగా తీస్తున్నాం సార్ తలగడ.

మత్తుసూది · మంగళవారం ఉదయం 10:38

తెలుసు. మా ఆసుపత్రిలోనూ తీస్తున్నారు. చెప్పి చెప్పి ఊరుకున్నా.

గుండ్లకమ్మ_మాష్టారు · మంగళవారం ఉదయం 11:15

ఈ తలనొప్పికి 125 ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. జర్మనీలో కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ 1898 ఆగస్టు 16న మొదటిసారి ఒక కూలీ మనిషికి వెన్నులో కొకెయిన్ ఎక్కించి కాలి చీలమండ ఆపరేషన్ చేశాడు. తర్వాత వారం తిరిగేసరికి దాన్ని తన మీదే చూసుకోవాలనిపించింది. అసిస్టెంటు హిల్డెబ్రాంట్ గుచ్చాడు గానీ సిరంజి సూదికి సరిపోక మందు చాలావరకు, వెన్నునీరు కూడా బాగా బయటికి పోయాయి. అప్పుడు తిరగేశారు. బియరే అసిస్టెంటుకి గుచ్చాడు. పని చేసింది. పని చేసిందో లేదో చూడ్డానికి అతని మోకాలి కింది ఎముక మీద ఇనప సుత్తితో కొట్టాడు, చర్మానికి చుట్ట అంటించాడు. ఆయనకేం తెలీలేదు. రాత్రికి ఇద్దరూ వైన్ తాగి చుట్టలు కాల్చి పండగ చేసుకున్నారు. మర్నాటి నుంచి బియర్‌కి లేస్తే తలనొప్పి, పడుకుంటే పోతుంది, తొమ్మిది రోజులు. హిల్డెబ్రాంట్‌కి వాంతులు, పైగా మత్తు దిగాక సుత్తి దెబ్బలు తెలిశాయి.

కావలి అమ్మాయికి వచ్చింది అదే తలనొప్పి. అప్పుడు ఎవరూ ఆయన రక్తం ఆయన వెన్నులో ఎక్కించలేదు, అంతే తేడా.

మైపాడు_గాలి · మంగళవారం ఉదయం 11:20

అసిస్టెంటు ఉద్యోగం ఏ కాలంలోనైనా అంతే మాష్టారూ.

పొదిలి_పిల్లోడు · మంగళవారం మధ్యాహ్నం 12:40

అట్ట ఫోటో వచ్చింది. మా ఆవిడ పరుపు కింద నుంచి తీసింది. ఒట్టి ఆస్పిరిన్ 75. అమ్మని అడిగితే అప్పుడు చెప్పింది, రెండేళ్ల కింద గుండె డాక్టరే పెద్ద మాత్ర ఆపేసి ఇది రాశాడంట. నాకు చెప్పలేదు. "అడగలేదుగా" అంది.

వార్డులో చెప్పాను. అరగంటలో మత్తు డాక్టరే వచ్చాడు. నిన్న సంతకం పెట్టమన్నది ఈయన కాదు, వేరే ఆయన. ఈయన నాయన నడుం గుడ్డ తొలగించి వేలితో ఒక్కో పూసా తడిమాడు. నోరు తెరవమన్నాడు, మెడ ఎత్తమన్నాడు. "ఏ ఊరు" అని అడిగి, చెప్పగానే "ఊఁ" అన్నాడు.

మత్తుసూది · మంగళవారం మధ్యాహ్నం 1:30

ఆ "ఊఁ" నాకు తెలుసు. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల విషయంలో మేమంతా అంటాం. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది. పూసల మధ్య మెత్తగా ఉండాల్సిన బంధనాలు సున్నం పట్టి ఎముకైపోతాయి. మామూలు మనిషికి సూది వేస్తే ఉడికిన బంగాళదుంపలో దిగినట్టు దిగి, చివర్లో "టప్" అని ఒక చిన్న ఒదులు తెలుస్తుంది. వీళ్లకి నడి మధ్యలో ఎక్కడ వేసినా రాయికి తగిలినట్టే.

దారులు లేకపోలేదు. నడి మధ్య వదిలేసి ఒక వేలు పక్క నుంచి ఏటవాలుగా పోతే ఆ గట్టిపడ్డ బంధనాల్ని కొంత తప్పించుకోవచ్చు. అన్నిటికన్నా కింద, చివరి నడుంపూసకీ త్రికానికీ (నడుం కింద ఉండే ముక్కోణపు ఎముక) మధ్య సందు పెద్దది, అక్కడ ప్రయత్నించొచ్చు. అల్ట్రాసౌండ్‌తో సందు ఎక్కడుందో ముందే చూసుకోవచ్చు. ఏదీ కుదరకపోతే పూర్తి మత్తు, అప్పుడు మెలకువలోనే ముక్కులోంచి కెమెరా గొట్టంతో దారి చూసుకోవాల్సి రావచ్చు. ఆ సామాను ఆ ఆసుపత్రిలో ఉందా అని ఇవాళే అడుగు. సిగ్గుపడకు.

ఇంకోటి అడుగు. ఆపరేషన్‌కి ముందు ఆయన రెండు కాళ్ల బలం, తిమ్మిరి ఎంతుందో కాగితం మీద రాయమను. ఫ్లోరోసిస్‌లో వెన్నుపాము ముందే నొక్కుకుపోయి ఉండొచ్చు. ముందున్న బలహీనత తర్వాత కనబడితే సూది వల్ల అనుకుంటారు.

బావగారి మాటకి కూడా సమాధానం ఉంది. స్పైనలా, పూర్తి మత్తా అని తుంటి విరిగిన 1,600 మందిలో అమెరికా, కెనడాల్లో చీటీ తీసినట్టు పంచి చూశారు, 2021లో వచ్చింది. 60 రోజుల తర్వాత చనిపోయినవాళ్లు, సాయం లేకుండానో కర్రతోనో నడవలేనివాళ్లు కలిపి రెండు వైపులా ఇంచుమించు ఒకటే, 18 శాతం దగ్గర. మతి తప్పడం కూడా రెండు వైపులా 20 శాతం అటూఇటూ. మరుసటేడు చైనా నుంచి 950 మందితో వచ్చినదాంట్లోనూ మతి తప్పడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మేనత్తా గెలవలేదు, బావా గెలవలేదు. నేను చదువుకునేటప్పుడు ముసలివాళ్లకి స్పైనలే మంచిదని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు. నేనూ చెప్పాను. ఇప్పుడు ఎవరికి ఏది కుదురుతుందో అది అంటున్నాను.

పెన్న_ఒడ్డు · మంగళవారం మధ్యాహ్నం 1:52

మరి తేడా లేనప్పుడు ఆ బండ నడుంలో గుచ్చి గుచ్చి చూడ్డం దేనికి? నేరుగా పడుకోబెట్టొచ్చుగా.

మత్తుసూది · మంగళవారం మధ్యాహ్నం 2:05

మంచి ప్రశ్న. ఆ 1,600 మందిలో మెడ తిరగని ఫ్లోరైడ్ మనుషులు లేరు. ఈయనకి గొంతులో గొట్టం వేయడమూ బండే. రెండు బండల్లో ఏది మెత్తనిదో ఆయన్ని తడిమిన డాక్టరుకే తెలుసు, మనకి కాదు.

కావలి_కోడలు · మంగళవారం సాయంత్రం 5:15

తమ్ముడూ, తిండి సంగతి అడిగారా? మా అమ్మ నాకు తెల్లారుజామున దొంగచాటుగా పాలు తాగించింది, ఆపరేషన్ నాలుగు గంటలు వెనక్కి పోయింది.

సిస్టర్_అమ్మ · మంగళవారం సాయంత్రం 5:40

అన్నం, టిఫిన్, పాలు ఆరు గంటల ముందు ఆపాలి. నూనెవీ మాంసమూ అయితే ఎనిమిది. ఉత్త మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. వెన్నులో మత్తే కదా, తినొచ్చు అనుకోవద్దు. అది పని చేయకపోతే పూర్తి మత్తుకి మారతారు.

నిర్వాహకుడు · మంగళవారం సాయంత్రం 6:00

ఇద్దరు సభ్యులు ఒంగోలు, నెల్లూరు ఆసుపత్రుల పేర్లతో ఫిర్యాదులు రాశారు, తీసేశాను. అనుభవం రాయండి, పేర్లొద్దు.

పొదిలి_పిల్లోడు · బుధవారం రాత్రి 8:45

అయిపోయింది. నాయన బాగున్నాడు. కూర్చుని రాస్తున్నా, నిన్నటి నుంచి నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి.

పొద్దున ఎనిమిదింటికి థియేటర్ బయటి గదిలోకి తీసుకెళ్లారు. నన్ను కూడా గౌను వేసి రానిచ్చారు, నాయనకి చెవుడు కాబట్టి. అప్పటిదాకా దుప్పటి కొస లాగినా అరుస్తున్నాడు. సూది వేయాలంటే పక్కకి తిప్పాలి, ఎట్లా తిప్పుతారో అని నాకు చెమటలు. మత్తు డాక్టరు ముందు గజ్జల దగ్గర, చీమకుర్తి అన్న చెప్పిన ఆ మిషన్ పెట్టి, ఒక ఇంజక్షన్ చేశాడు. తెర మీద బూడిద రంగు పొరలు కనిపించాయి. మందు పోతుంటే రెండు పొరల మధ్య నల్లగా, మడిలో నీళ్లు పారినట్టు పరుచుకుంది. గోడ గడియారం చూశా, ఇరవై అయిదు నిమిషాలు. తర్వాత డాక్టరే కాలు పట్టుకుని మెల్లగా ఎత్తాడు. నాయన అరవలేదు. నా వైపు చూసి "ఏందిరా, తెగిందా కాలు?" అన్నాడు.

అప్పుడు ఎడమ పక్కకి తిప్పి లోపలికి తీసుకుపోయారు. ఇక్కడి నుంచి నాయన చెప్పిందే. మూడు సూదులంట. మొదటి రెండూ "టక్ టక్" మని ఎముకకి తగిలాయంట. "పెద్దాయనా, ఇంకొక్కటి, ఇది కూడా కుదరకపోతే వేరే దారి చూస్తా" అని డాక్టరు పక్క నుంచి వేశాడంట. కాళ్లలో వేడి నీళ్లు పోసినట్టు వెచ్చగా వచ్చి, ఆ తర్వాత కాళ్లు లేవు.

మధ్యలో బీపీ పడిపోయి వాంతి వచ్చినట్టైందంట, సెలైన్‌లో ఏదో ఇస్తే రెండు నిమిషాల్లో సర్దుకుంది. వణుకు వచ్చింది, వేడి గాలి దుప్పటి కప్పారు. అన్నిటికన్నా ఆయన్ని ఇబ్బంది పెట్టింది చప్పుడు. లోపల సుత్తితో కొడుతుంటే మంచమంతా ఊగిందంట. "మన ఊళ్లో బోరు దింపేటప్పుడు ఇట్లాగే వస్తుంది" అని డాక్టరుతో అన్నాడంట. వాళ్లు నవ్వారని సంతోషం ఆయనకి.

గుండ్లకమ్మ_మాష్టారు · బుధవారం రాత్రి 9:00

సుత్తి చప్పుడు వినబడింది గానీ దెబ్బ తగల్లేదు. హిల్డెబ్రాంట్ కన్నా అదృష్టవంతుడు.

మత్తుసూది · బుధవారం రాత్రి 9:20

సంతోషం తమ్ముడూ. గజ్జల దగ్గర ముందు ఇంజక్షన్ చేసినాయన పని తెలిసినవాడు. చాలాచోట్ల ఆ ఇరవై నిమిషాలు ఆగరు, అరుపుల మీదే తిప్పేస్తారు.

వణుకు, వాంతి, బీపీ తగ్గడం మేం రోజూ చూసేవే. కింది సగంలో రక్తనాళాలు వదులై రక్తం అక్కడే నిలుస్తుంది. ఈ రాత్రికి చూడాల్సింది ఒకటి. మత్తు దిగి ఈపాటికి కాళ్లు కదులుతుండాలి. ఇప్పటికీ అసలు కదలకపోయినా, ఒకసారి కదిలి మళ్లీ మొద్దుబారినా, నడుంలో భరించలేని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే పిలువు. ఉచ్చ గొట్టం పెట్టే ఉంటారు కాబట్టి దాని గోల లేదు.

పొదిలి_పిల్లోడు · బుధవారం రాత్రి 9:32

రెండు కాళ్ల బొటనవేళ్లూ కదుపుతున్నాడు. ఆపి ఆపి నాకే చూపిస్తున్నాడు.

పెన్న_ఒడ్డు · గురువారం ఉదయం 7:10

మతి ఎలా ఉంది?

పొదిలి_పిల్లోడు · గురువారం ఉదయం 7:45

రాత్రి ఒంటిగంటప్పుడు లేచి గేదెల్ని ఎవరు కట్టేశారని అడిగాడు. గేదెలు అమ్మేసి మూడేళ్లైంది. నాకు గుండె జారింది. లైటు వేసి, కళ్లజోడు పెట్టి, చెవి మిషన్ పెట్టి, అమ్మ చేత మాట్లాడించా. సర్దుకున్నాడు. పొద్దున అడిగితే "కల వచ్చింది" అన్నాడు. బావకి చెప్పలేదు. చెప్తే మళ్లీ మొదలుపెడతాడు.

మత్తుసూది · గురువారం ఉదయం 8:05

కళ్లజోడు, చెవి మిషన్, తెలిసిన గొంతు. ఇంతకన్నా మంచి మందు నా దగ్గర కూడా లేదు. రాత్రుళ్లు ఇంకో రెండు రోజులు అమ్మని దగ్గర ఉంచు. పదేపదే అలాగే అయితే డాక్టరుకి చెప్పు, రక్తంలో ఉప్పు తగ్గిందా, జ్వరముందా అని చూస్తారు.

పొదిలి_పిల్లోడు · సోమవారం సాయంత్రం 6:20

ఇంటికొచ్చేశాం. వాకర్ పట్టుకుని నడవలో నాలుగు అడుగులు వేస్తున్నాడు. తలనొప్పి రాలేదు. మేనత్త వచ్చి నడుం మీద సూది గుర్తులు లెక్కపెట్టి వెళ్లింది.

డిశ్చార్జి కాగితం వెనక మత్తు డాక్టరు చేత్తో రాసిచ్చాడు. ఫ్లోరోసిస్, మెడ కదలిక తక్కువ, నడి మధ్య రెండుసార్లు కుదరలేదు, నాలుగు అయిదు పూసల మధ్య కుడి పక్క నుంచి మూడోసారి దొరికింది, మందు 2 మిల్లీలీటర్లు. "మళ్లీ ఎప్పుడు ఆపరేషన్ అన్నా ముందు ఇది చూపించండి" అన్నాడు.

మత్తుసూది · సోమవారం రాత్రి 10:15

ఆ కాగితం నాలాంటోళ్లకి బంగారం. జిరాక్స్ తీయించి ఒకటి లామినేషన్ చేయించు.

పొదిలి_పిల్లోడు · మంగళవారం ఉదయం 11:05

చేయించా సార్, పొదిలి బస్టాండ్ దగ్గర. రేషన్ కార్డు కవర్లో పెట్టమని నాయనకిస్తే, పట్టదు అని పరుపు కింద పెట్టుకున్నాడు, మాత్రల అట్ట పక్కన.